పదో కుటుంబం

బెల్లు రెండోసారి మోగింది. ఖుర్షీదా తలుపు తీయలేదు.

తలుపుకున్న బొట్టంత అద్దంలోంచి ఒంటికన్నుతో చూసింది. బయట నిలబడింది మొగుడే. ఇస్త్రీ చొక్కా, మెడలో యూనివర్సిటీ కార్డు, చేతిలో అగ్గిపెట్టెంత రికార్డరు. ఇప్పుడే ఇదే తలుపు తీసుకుని లోపలినుంచి బయటికి పోయిన మనిషి, ఏమీ ఎరగనట్టు నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు.

"ఎవరండీ?" అంది.

"అస్సలాము అలైకుమ్. నా పేరు ఖాదర్ మొహిద్దీన్. యూనివర్సిటీ సమాజశాస్త్ర విభాగం నుంచి వచ్చాను. ఆధునికీకరణ వల్ల వలస కుటుంబాల్లో వస్తున్న మార్పుల మీద పరిశోధన చేస్తున్నాం. మీతో కొంచెం మాట్లాడాలి."

"మా ఇంట్లో మొగోళ్ళు లేరు సార్. మా ఆయన వచ్చినాక రండి."

బయటి మనిషి తలుపుకు దగ్గరగా జరిగాడు.

"ఖుర్షీదా," గొంతు తగ్గించాడు. "మీ ఆయన నేనే గదే."

ఖుర్షీదా నోరు మూసుకుంది. మొగుడితో ఆమెకు మాటల్లేవు. విమానం టికెట్లు ఫోనుకు వచ్చిన రోజు నుంచీ లేవు. తెలియని మనిషితోనైతే ఎంతసేపైనా మాట్లాడుతుంది. మొగుణ్ణని చెప్పుకున్నాక ఆ గుమ్మం అవతలి మనిషికి జవాబు చెప్పే పూచీ ఆమెది కాదు.

లోపల అత్త మహబూబ్బీ సోఫా మీద కూర్చుని బూట్లకు తాళ్ళు బిగించుకుంటోంది. రియాద్ వచ్చాక అలవాటు చేసుకున్న బూట్లు. సాయంత్రమైతే పార్కులో సౌదీ ముసలమ్మలతో కలిసి నడుస్తుంది, వాళ్ళు పోసిన గహ్వా కాఫీ తాగుతుంది. ఒక్క ముక్క అరబ్బీ రాకుండానే వాళ్ళ కోడళ్ళ సంగతులన్నీ తెలుసుకుంది.

"ఏమ్మే, వాణ్ణి ఎంతసేపు నిలబెడతావు?"

"మొగుడైతే తాళంచెవి ఉందత్తా. సారైతే ఇంట్లో మొగదిక్కు లేదు. ఏదో ఒకటి తేల్చుకోమను."

ఎదురింటి తలుపు తెరుచుకున్న చప్పుడు. హైదరాబాదు ఇష్రత్ గొంతు వినిపించింది.

"క్యా భాయ్, చాబీ మర్చిపోయిన్రా?"

"లేదమ్మా. ఫీల్డ్ వర్క్."

"సొంత ఇంటి ముంగట ఫీల్డ్ వర్కా?" ఇష్రత్ నవ్వు మెట్ల దాకా పోయి తిరిగొచ్చింది. "మా ఆయన్ని గూడ పెట్టుకోరాదు భాయ్. ఆయన గూడ రోజూ బయటనే ఉంటడు."

ఆ నవ్వుకు మహబూబ్బీ లేచింది. కొడుకును పక్కింటివాళ్ళు నవ్వడం ఆమెకు నచ్చదు. తను నవ్వొచ్చు. తలుపు తీసి, "రా సారూ, రా. పెద్దదాన్ని నేనున్నా, పర్వాలేదు," అంది.

ఇదంతా సౌదీలోనే జుబైల్ ఊళ్ళో ఉండే గులాం మొహిద్దీన్ చేసిన పని. పరిశోధనకు పది తెలుగు కుటుంబాలు కావాలి. తొమ్మిది అయిపోయాయి. పదోది గులాం మొహిద్దీన్‌ది. కంపెనీలో యంత్రాలు ఆపి చేసే షట్‌డౌన్ పనులు అయిపోగానే అతను ఇక సౌదీకి తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని పెళ్ళాం పిల్లలతో కడపకు పోయాడు. ఈ పరిశోధనకు పెద్ద అయిన డాక్టర్ హిస్సా ఆదివారానికల్లా పదీ ఉండాలంది. ఉన్నపళంగా ఇంకో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? కుటుంబమంటే మనది కూడా కుటుంబమే గదా అనుకున్నాడు ఖాదర్. కాకపోతే మొగుడిగా, కొడుకుగా కాకుండా పరిశోధకుడిగా బెల్లు కొట్టి రావాలి. అది పద్ధతి.

పొద్దున ఆ పద్ధతి విన్నప్పుడే మహబూబ్బీ ఒక మాట అడిగింది. "అంటే ఇంట్లో ఎవరి మాట చెల్లుతాందో కనుక్కునేదా నాయనా నీ పని? దానికి జీతం ఇస్తారా?"

ఖాదర్ ముందు గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎదురుగా ఖుర్షీదా తలనిండా ఓణీ కప్పుకుని కూర్చుంది. మహబూబ్బీ మనవరాల్ని తీసుకుని పడకగదిలోకి పోయింది.

"అత్తా, ఆసిఫా ఖర్జూరం తింటాంది. గింజ చూసుకో," అని లోపలికి కేకేసి, మళ్ళీ సర్దుకుంది ఖుర్షీదా.

ఖాదర్ రికార్డరు బల్ల మీద పెట్టి, బడిలో పిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"మీరు చెప్పిన మాట ఎవరికీ చెప్పం. మీ ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పం. మీ అసలు పేరు రాయం. ఇష్టం లేని ప్రశ్నకు మీరు జవాబు చెప్పనక్కర్లేదు. మీరు మాట్లాడేటప్పుడు నేను మధ్యలో మాట్లాడను, వాదించను."

ఖుర్షీదా తల ఎత్తింది.

"మళ్ళీ చెప్పండి సార్."

"మధ్యలో మాట్లాడను."

"తర్వాతది."

"వాదించను."

పెళ్ళయ్యాక ఇంత మంచి మాట ఆమె వినలేదు. పైగా మీరు, మీరు అంటున్నాడు. ఓణీ చెంగు సర్దుకుని కుర్చీలో ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చుంది.

"మీకు ఏ పేరు పెట్టమంటారు?"

"సునీత."

"సునీత ఎవరే?" అని నాలుక కరుచుకున్నాడు. "సరే, సునీత గారు. మీ ఇంట్లో పెద్ద నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?"

"ఏవి సార్ పెద్దవి?"

"ఇల్లు మారడం, పిల్లల చదువు, ప్రయాణాలు..."

"మా ఇంట్లో నిర్ణయాలు ఎవరూ తీసుకోరు సార్. అవి ఫోనుకు వస్తాయి."

ఖాదర్ రికార్డరును ఆమె వైపు కొంచెం జరిపాడు.

"కొంచెం వివరంగా చెబుతారా?"

"మా అత్తకు విజిట్ వీసా అయిపోతాంది. ఆమె పోవల్ల. ఒక్కతే విమానం ఎక్కలేదంట. అందుకని నన్నూ, నా బిడ్డనూ తోడు పొమ్మని టికెట్లు తీసినాడు మా ఆయన. పోయి ఆరు నెలలు అక్కడ ఉండల్లంట. ఆయన నిమ్మళంగా కూర్చోని పుస్తకం రాసుకుంటాడంట. నన్ను అడగలేదు సార్. టికెట్ ఫోనుకు వచ్చినాక, బ్యాగు ఎంత బరువు పట్టుకోవచ్చో చెప్పినాడు."

"అది అట్ల గాదు..."

ఖుర్షీదా వేలు ఎత్తి చూపించింది. "సార్. మధ్యలో."

ఖాదర్ నోరు మూసుకున్నాడు. తొమ్మిది ఇళ్ళల్లో ఎప్పుడూ రాని దగ్గు వచ్చింది. దగ్గి, ఊరికే కూర్చున్నాడు. అది కూడా పద్ధతే. అడగాల్సింది అడిగి ఊరుకోవాలి. ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేక ఎదుటి మనిషే మాట్లాడుతుంది. భోజనాల దగ్గర ఈ కిటుకు గురించి అతను ఎన్నోసార్లు గొప్పగా చెప్పాడు.

ఖుర్షీదా రికార్డరు మీద వెలుగుతున్న ఎర్రచుక్క వంక చూసింది.

"సునీత నా పక్కన కూర్చునేది సార్, పదో క్లాసులో. మా అమ్మకు ఆపరేషన్ అయింది. ఇంట్లో వంటకు మనిషి లేదని మా నాయన నన్ను బడి మాన్పించినాడు. ఆరు నెలలే, మళ్ళ పోదువులే అన్నాడు. పరీక్షలు వచ్చినాయి, పోయినాయి. సునీత ఇప్పుడు ప్రొద్దుటూరులో బ్యాంకులో పనిచేస్తాంది. నేను ఆ బ్యాంకుకు పోయినప్పుడు నా ఫారం ఆమే నింపిపెట్టింది." ఆగింది. "ఆరు నెలలంటే నాకు భయం సార్. ఆరు నెలలని చెప్పి పంపిస్తే మనిషి మళ్ళీ అదే తావుకు రాదు. ఆసిఫా ఇప్పుడిప్పుడే బడికి ఏడవకుండా పోతాంది. నేను విమానం ఎక్కను. మా ఆయనకు ఇంకా చెప్పలేదు."

చెప్పేసింది. మొగుడి ముఖం చూస్తూనే చెప్పింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు రెండుసార్లు ఆర్పాడు. మాట తగిలింది, పని అయిపోయింది అనుకుంది ఖుర్షీదా. గుండెల మీంచి బియ్యం మూట దించినట్టయింది.

"ఇంకా ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?" అన్నాడు.

"టీ తాగుతారా సార్?"

తర్వాత వంతు మహబూబ్బీది. ఖుర్షీదా బిడ్డను తీసుకుని పడకగదిలోకి పోయి తలుపేసుకుంది. ఖర్జూరం గింజలు లెక్కపెట్టింది. ఒకటి తగ్గింది. పిల్ల నోరు తెరిపించి వేలు పెట్టి వెతికి, చివరకు దిండు కింద దొరికాక ఊపిరి పీల్చుకుంది. ఆ హడావుడిలో ముందు గదిలో ఏం నడిచిందో ఆమెకు ఒక్క మాటా వినబడలేదు.

ముందు గదిలో మహబూబ్బీ రికార్డరు వైపు అనుమానంగా చూసింది.

"నేను చెప్పింది నా కొడుక్కు చెప్తావా?"

"చెప్పనమ్మా. మాటిచ్చాను."

"వాడు నీ అంత నెమ్మదస్తుడు కాదు నాయనా. ఒక్క మాట పూర్తిగా విననీడు." కాళ్ళు పైకి మడుచుకుని తీరిగ్గా కూర్చుంది. "అడుగు."

"మీరు ఒక్కరే ప్రయాణం చేయలేరని మీ ఇంట్లో అంటున్నారు. కారణం ఏంటి?"

"ఎవరు చేయలేరు? ఇంట్లో తోడు దొరికిందని చెప్పినా గానీ, వచ్చేటప్పుడు ఒక్కదాన్నే గదా వచ్చింది! విమానంలో ఏముంది? కూర్చోబెడతారు, తిండి పెడతారు, దింపుతారు. ప్రొద్దుటూరు బస్సు కంటే మేలు. పక్కన కూర్చున్న కర్నూలు పిల్లకు బెల్టు నేనే పెట్టినా."

ఖాదర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "మరి..."

"మదార్బీ," అంది మహబూబ్బీ, ఆ ఒక్క మాటతో అంతా అర్థమైపోవాలన్నట్టు. ఎదుటి మనిషి తెలియనివాడని గుర్తొచ్చి వివరించింది. "నా తోడికోడలు. నేను ఊర్లో దిగితే ఏరోడ్రంకు రెండు బండ్లు కట్టుకోని వస్తారు మావాళ్ళు. ఆ మదార్బీ ముందర నిలబడుంటాది. నేను ఒట్టిచేతులు ఊపుకుంటా ఒక్కదాన్నే బయటికి వస్తే ఏమంటాది? 'ఏమక్కా, కోడలు విమానం ఎక్కించి చేతులు దులుపుకుందా?' అంటాది. ఊరంతా అంటాది. గేటు కాడ నా చెయ్యి పట్టుకునే మనిషి ఒకరు ఉండల్ల నాయనా. అంతే. విమానానికి గాదు నాకు తోడు, గేటుకు."

"ఈ మాట మీ కొడుక్కు..."

"చెప్తే తల్లికి పొగరంటాడు. నువ్వు చెప్పొద్దు."

ఖాదర్ రికార్డరు ఆపాడు. రెండు చేతుల్లో రెండు తాళంచెవులున్నాయి. తల్లికి విమానంలో తోడు అక్కర్లేదు, పెళ్ళానికి పోవడం ఇష్టం లేదు. ఒకరి మాట ఇంకొకరికి చెబితే ఒక్క క్షణంలో ఇల్లు చల్లబడుతుంది. కానీ తాళం వేసి ఉన్నది తన నోటికే.

రాత్రి భోజనాలకు ఖుర్షీదా సంకటి చేసింది. ఊరినుంచి వచ్చిన రాగిపిండిలో చివరి డబ్బా. కోడికూరలో మొగుడికిష్టమైన మెడముక్క అతని పళ్ళెంలోనే వేసింది. ఇక టికెట్ మాట ఎత్తుతాడు, క్యాన్సిల్ చేసినా అంటాడు, అప్పుడు తను కొంచెం బిగుసుకుని తర్వాత కరుగుదామని ఎదురుచూసింది.

ఖాదర్ సంకటి ముద్ద కూరలో అద్దాడు. నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు.

మహబూబ్బీ, "బ్యాగులు సర్దల్ల. ఖర్జూరాలు నాలుగు రకాలు తీసుకోవల్ల," అంది.

"ఊఁ," అన్నాడు ఖాదర్.

ఖుర్షీదా గరిటె గిన్నెలో పెట్టింది. పెట్టిందనడం కంటే పడేసింది అనాలి. అత్త చెయ్యి కడుక్కోవడానికి లేచేదాకా ఆగి, మొగుడి వెనకాలే వంటగదిలోకి పోయింది. ఇన్ని రోజులు పట్టుకున్న మౌనం ఆ గుమ్మం దగ్గరే జారిపోయింది.

"ఏమయ్యా, ఏమనుకున్నావు?"

"దేని గురించి?"

"నేను చెప్పినదాని గురించి."

"నువ్వేం చెప్పినావు?"

"నాటకాలొద్దు. పొద్దుగూకేటప్పుడు నీ ముందర కూర్చోని చెప్పినా గదా!"

ఖాదర్ చేతులు తుడుచుకున్నాడు. "అది చెప్పింది సునీత గారు. సునీత గారు చెప్పింది వాళ్ళ ఆయనకు చెప్పకూడదు. నేను మాటిచ్చినా."

"ఆ మొగుడు నువ్వే గదయ్యా!"

"అందుకే అసలు చెప్పకూడదు."

ఖుర్షీదాకు నవ్వాలో, చేతిలోని సంకటి కట్టె ఎత్తాలో తెలియలేదు. "నీ చెవులు నువ్వే మూసుకుంటావా? నీకు తెలిసిన మాట నీకు తెలీదా?"

"చూడు ఖుర్షీదా." ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. "జుబైల్లో ఒకామె తలుపేసుకోని ఏడుస్తా ఒక మాట చెప్పింది. వాళ్ళాయన నాకు ఫోన్ చేసి అడుగుతాడు, మా ఇంటామె ఏం చెప్పింది సారూ అని. నా నోట్లోంచి వచ్చిందా? నా దగ్గర ఉన్నది ఆ ఒక్క నమ్మకమే. బయటి ఆడోళ్ళ మాట దాచి, నా ఇంటి ఆడోళ్ళ మాట వాడుకుంటే నేనేం మనిషిని? నాకు తెలిసింది నేను వాడుకోలేను. నువ్వు నాతో చెప్తే తప్ప."

"నీతో చెప్తే వాదిస్తావు."

"వాదిస్తానేమో."

ఖుర్షీదా గ్యాస్ పొయ్యి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఎర్రచుక్క ముందు అంత వరసగా వచ్చిన మాటలు ఇప్పుడు ఒక్కటీ రాలేదు. ఎదురుగా ఉన్నది అదే మనిషి, అదే ముఖం. కానీ ఈ ముఖానికి కోపం వస్తుంది. ఈ ముఖం పక్కనే రేపు నిద్రలేవాలి. బడి, సునీత, ఆసిఫా అన్నీ గొంతులో ఇరుక్కుని చివరికి రెండు మాటలే బయటపడ్డాయి.

"నేను పోను."

"ఏంది?"

"నేను ఊరికి పోను. ఎక్కను. ఏం చేసుకుంటావో చేసుకో."

కరువు సీమలో మొదటి చినుకు పడ్డట్టు వెలిగింది ఖాదర్ ముఖం. "చెప్పినావా! ఇది నాతోనే గదా చెప్పినావు? మొగుడితో?"

"ఇంగెవరున్నారు ఈడ!"

"హమ్మయ్య," అన్నాడు. నియమం మీరకుండా దారి దొరికిందన్న సంతోషంలో వాదించడం కూడా మరిచిపోయి ముందు గదిలోకి పరుగెత్తాడు. అక్కడ మహబూబ్బీ తమలపాకులు తుడుచుకుంటోంది.

"అమ్మా! ఖుర్షీదాకు రావడం ఇష్టం లేదంట. నువ్వు ఒక్కదానివే పోగలవా?"

మహబూబ్బీ ఆకు కింద పెట్టి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"యా అల్లా! ఒక్కదాన్నా? ఈ వయసులో నేనా? ఆ మెట్లు, ఆ బెల్టులు, ఆ గేట్లు... దారిలోనే చచ్చిపోతా నాయనా. నన్ను పెట్టెలో పంపించండి పోనీ!"

ఖాదర్ నోరు తెరిచాడు. మహబూబ్బీ అతని కళ్ళల్లోకి సూటిగా చూసింది. ఎవరికీ చెప్పనన్న సారును చూసిన చూపు అది. ఖాదర్ నోరు మూసుకున్నాడు. ఎదురుగా తల్లి కర్నూలు పిల్లకు బెల్టు పెట్టిన చేతుల్తోనే కళ్ళొత్తుకుంటోంది.

ఆ చూపు ఖుర్షీదాకు దొరికిపోయింది. కోడలి కంటికి అత్త చూపులో దొరకనిది ఉండదు.

"అత్త నీతో ఏం చెప్పింది?"

"నాతో ఏం చెప్పలేదు."

"సారుతో?"

"ఏ సారు?" అన్నాడు ఖాదర్ దీనంగా.

ఇక ఈయన్ను అడిగి లాభం లేదని ఆమెకు అర్థమైంది. ఆయన నిజంగానే చెప్పడు. ఆ సంగతికి కోపం వచ్చింది. దానితోపాటు, ఎందుకో తెలియదు గానీ, కొంచెం గర్వం కూడా వచ్చింది. గోడవార ఉన్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని అత్తకు ఎదురుగా వేసుకుంది. ఓణీ సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మహబూబ్బీ గారూ," అంది.

"రేయ్ ఖాదరా! నీ పెళ్ళాం నన్ను పేరు పెట్టి పిలుస్తాందిరా!"

"కోపం చేసుకోవద్దండీ. నేను కోడల్ని కాదు, బయటిదాన్ని అనుకోండి. మీరు చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడను. వాదించను. ఏం చెప్పినా వింటా. ఈ ప్రయాణానికి మీకు నిజంగా ఏం కావాల?"

అడిగేసి ఊరుకుంది. ఏసీ గుర్రుమంటోంది. ఇష్రత్ వాళ్ళింట్లో ఎవరో ప్లేట్లు కడుగుతున్న చప్పుడు. ఖాదర్ తలుపు దగ్గరే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తొమ్మిది ఇళ్ళు తిరిగినా తను ఇంతసేపు ఊరుకోలేకపోయేవాడు.

మహబూబ్బీ ఆకు మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.

"విమానం ఒక్కదాన్నే ఎక్కుతాలే," అంది చివరకు, కొడుకు వైపు చూడకుండా. "ఎక్కలేనన్నది ఉత్తదే."

ఖాదర్ ఊపిరి వదిలిన చప్పుడు గదంతా వినిపించింది. ఖుర్షీదా నవ్వు దాచుకోవడానికి పెదవి కరుచుకుంది.

"నువ్వు ఈడనే ఉండు. నీ సంసారం నువ్వు చూసుకో. నాకేం కష్టం లేదు," మహబూబ్బీ ఆకు నోట్లో పెట్టుకుని నమిలింది. "కానీ ఆ మదార్బీ ముందర ఒంటరిగా మాత్రం దిగను. నా చెయ్యి పట్టుకోని గేటు దాటేదానికి ఆసిఫా చాలు. దాన్ని నాతో పంపు. వాళ్ళ నాయన పుస్తకం అయినాక వచ్చి తీసుకపోతాడు."

ఖుర్షీదా ముఖంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. ఆసిఫా ఒక్కతే! రాత్రి మూడుసార్లు లేచి నీళ్ళడిగే పిల్ల. ఖర్జూరం గింజ దిండు కింద పెట్టే పిల్ల. నోటిదాకా వచ్చిన మాటను గట్టిగా మింగింది. మధ్యలో మాట్లాడనని చెప్పింది తనే. వాదించనని చెప్పిందీ తనే.

పడకగది తలుపు తెరుచుకుంది. నిద్రపోయిందనుకున్న ఆసిఫా, జేజి మహబూబ్బీ బూట్లు కాళ్ళకు తగిలించుకుని ఈడ్చుకుంటూ వచ్చింది.

"జేజీ, కిటికీ కాడ నేను కూర్చుంటా! అమ్మ రాదు గదా? సరేనా?"

"సరే బంగారూ," అంది మహబూబ్బీ.

ఖుర్షీదా మొగుడి వైపు తిరిగింది. మహబూబ్బీ కూడా అటే చూసింది. పిల్ల కూడా చూసింది. ఇది పరిశోధనలో విన్న మాట కాదు, అందరి ఎదుటా అన్న మాట. ఖాదర్ మొహిద్దీన్ దాక్కోవడానికి ఈసారి ఏ నియమమూ మిగల్లేదు.